పక్క గదిలో

ఆ రికార్డింగ్ స్టూడియోలో రెండు గదుల మధ్య ఉన్నది పేరుకే గోడ. నిజానికి అది ఒక పొర చెక్క. దానికి ఇటువైపు కాఫీ మెషీన్, ప్లాస్టిక్ కుర్చీలు, చేతులు కడుక్కునే సింకు. అటువైపు మేనేజరు గది. ఆ మధ్యాహ్నం ఇటువైపు ముగ్గురు కూర్చుని ఉన్నారు: కీబోర్డు వాయించే కళ్లజోడు, బేస్ గిటారు వాయించే పొడుగు, పాటలు పాడే చిన్నోడు. అటువైపు మేనేజరుకి ఎదురుగా వాళ్ల బ్యాండు డ్రమ్మరు కూర్చుని ఉన్నాడు. ఆ డ్రమ్మరు చిన్నోడికి స్వయానా అక్క మొగుడు.

అక్కడేం జరగబోతోందో ముగ్గురికీ ముందే తెలుసు. కాఫీ తెచ్చుకుందామని లేచిన కళ్లజోడు, మెషీన్ చప్పుడు చేస్తుందని గుర్తొచ్చి మళ్లీ కూలబడ్డాడు.

"నీ చెయ్యి మంచిది కాదని కాదు బ్రదర్," అంటోంది మేనేజరు గొంతు, చెక్కలోంచి. "రికార్డు కంపెనీవాళ్లకి గడియారంలా కొట్టేవాడు కావాలట. నువ్వు కాస్త ఊగుతావు. స్టేజీ మీద అదే అందం. మైకు ముందు పనికిరాదంటున్నారు. నేనేం చెయ్యను?"



"రేపట్నించా?" అన్నాడు బావ.

"ఇవాళ్టినుంచే. సాయంత్రానికి కొత్తతను వచ్చేస్తున్నాడు."

"అలాగా." కుర్చీ కిర్రుమంది. తర్వాత బావ అడిగిన మాట చిన్నోడి చెవిలో సీసం పోసినట్టు దిగింది. "మా చిన్నోడికి తెలుసా?"

చిన్నోడు కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాడు. లేచి అటు వెళ్లడానికి ఎంతోసేపు పట్టదు. తలుపు తోసి, "తెలుసు బావా" అంటే చాలు. తర్వాత తిట్టుకుంటారో కొట్టుకుంటారో, అది వాళ్లిద్దరి మధ్య సంగతి. పొడుగు తల తిప్పి అతని మొహంలోకి చూశాడు. చిన్నోడు సింకు వైపు చూశాడు.

"తెలీదు," అన్నాడు మేనేజరు, తడుముకోకుండా. "ఊళ్లో లేడుగా. వచ్చాక నేనే నెమ్మదిగా చెప్తాను."

"ఇప్పుడే చెప్పకండి," అన్నాడు బావ. "పాట పాడాల్సినవాడు. మనసు పాడుచేసుకుంటాడు. రికార్డింగయ్యాక చెప్పండి."

తలుపు తెరుచుకుంది. వరండాలో అడుగుల చప్పుడు వినపడింది. కాఫీ గది తలుపుకి పొగరంగు అద్దం ఉంది. దాని మీద బావ నీడ పడి, అక్కడే ఆగింది. ఎందుకు ఆగిందో చిన్నోడికి వెంటనే తట్టింది. బయట కొక్కేనికి చిన్నోడి కోటు వేలాడుతోంది. మిరపపండు రంగు కోటు. అది వేసుకుని వీధిలో నడిస్తే పిల్లలు వెంటపడతారు. అలాంటిది ఈ ఊళ్లో ఇంకొకటి లేదు.

నీడ ఒక్క క్షణం నిలబడి, కదిలిపోయింది.

దాన్ని మోసం అనడానికి చిన్నోడికి అప్పట్లో నోరు రాలేదు. అంతకు ముందురోజు కంపెనీ మనిషి వచ్చి, ఈ డ్రమ్మరయితే రికార్డు లేదని తేల్చేశాడు. "మీ బావ కదా, నువ్వే చెప్పరాదూ" అన్నాడు కళ్లజోడు. "నావల్ల కాదు, మేనేజరుని చెప్పమనండి" అన్నాడు చిన్నోడు. అంటే తీసెయ్యడానికి ఒప్పుకున్నట్టే. ఆ ముక్క పైకి అనకుండా పని జరిపించుకున్నాడు, అంతే తేడా.

అసలు ఆ బ్యాండు పుట్టిందే బావ షెడ్డులో. వ్యాను బావది. ఆ వ్యానులో డ్రమ్ములు, స్పీకర్లు, వాటి సందుల్లో వీళ్లు నలుగురూ కిక్కిరిసి ఊరూరా తిరిగేవాళ్లు. తండ్రి లేని చిన్నోడికి షేవింగ్ చేసుకోవడం నేర్పినవాడు బావ. మొదటిసారి స్టేజీ ఎక్కి గొంతు పెగలక నిలబడిపోతే, వెనకనుంచి డ్రమ్ము మీద రెండు దెబ్బలేసి, "పాడరా, నేనున్నాగా" అన్నవాడూ బావే.

ఆ పాట కూడా వ్యానులోనే పుట్టింది. ఓ కచేరీ ముగించుకుని వస్తుంటే కుండపోత వాన. వ్యాను అద్దం తుడిచే వైపరు సగందాకా వచ్చి ఆగి, ఓ వణుకు వణికి, మిగతా సగం వెళ్తోంది. టక్. టటక్. ఒక ఊపిరంత ఆలస్యంగా మరో టక్. బావ ముందు దాన్ని తిట్టాడు. తర్వాత స్టీరింగు మీద వేళ్లతో దానికి తోడుగా కొట్టడం మొదలెట్టాడు. "వినరా, కుంటుకుంటూ ఎంత ఠీవిగా నడుస్తోందో," అన్నాడు. చిన్నోడు దానిమీద ఏదో కూనిరాగం తీశాడు. ఇల్లు చేరేసరికి పాట తయారైంది.

ఇక్కడ నవ్వొచ్చే సంగతి ఒకటుంది. కంపెనీవాళ్లు వద్దన్న ఊగుడే ఆ పాటకి ప్రాణం. గడియారంలా కొట్టే కొత్త డ్రమ్మరుకి ఆ కుంటి నడక ఎంతకీ పట్టుబడలేదు. పాపం మంచివాడు. "ఇది తప్పు కదండీ?" అని అడిగేవాడు మాటిమాటికీ. చిన్నోడు బల్లమీద చేత్తో కొట్టి చూపించేవాడు. బావ చెయ్యి తన చేతిలోంచి వస్తున్నట్టుండేది. అలా కొట్టిన ప్రతిసారీ చెవులు వేడెక్కేవి.

రికార్డు వచ్చింది. వచ్చీ రాగానే దేశమంతా ఊగిపోయింది. పాట మొదట్లో ఏ వాయిద్యమూ లేకుండా ఆ కుంటి దరువొక్కటే వినిపిస్తుంది. అది వినగానే బస్సుల్లో జనం మాటలాపేవాళ్లు, సిగ్నళ్ల దగ్గర కార్లవాళ్లు స్టీరింగు మీద వాయించేవాళ్లు. స్కూలు పిల్లలు బల్లలమీద అదే కొట్టి టీచర్లచేత తిట్లు తిన్నారు. ఏ పాటా అన్ని వారాలు హిట్ పాటల పట్టికలో మొదటి స్థానంలో నిలబడలేదని పత్రికలు రాశాయి.

తర్వాత టీవీవాళ్లు పిలిచారు. దేశంలో పాటంటే చెవికోసుకునేవాళ్లంతా చూసే సాయంత్రం కార్యక్రమం అది. పాట పాడించాక వ్యాఖ్యాత సోఫాలో కూర్చోబెట్టి అడిగింది: "ఆ దరువు మీకు ఎక్కణ్నుంచి వచ్చింది? అందరూ అదే అడుగుతున్నారు."

"ఓసారి వానలో వ్యానులో వస్తుంటే, వైపరు సగంలో ఆగి ఆగి కొట్టుకుంటోంది," అన్నాడు చిన్నోడు. ఒక్క క్షణం ఆగాడు. ఎదురుగా దీపాలు కళ్లలో పడుతున్నాయి. "అది విని నాకు తట్టింది."

స్టూడియోలో జనం మురిసిపోయి చప్పట్లు కొట్టారు. "మా బావకి తట్టింది" అనడానికి అదనంగా ఎంత ఊపిరి కావాలి గనక? కానీ ఆ పేరెత్తితే, ఆయన ఇప్పుడెక్కడ అని అడుగుతుంది. ఎందుకు లేడు అని అడుగుతుంది. అలా ఒక్కో ప్రశ్నా పక్క గదిదాకా నడిపిస్తుంది. అందుకని 'నాకు' అన్నాడు.

ఆ మాట అక్కడితో పోలేదు. పాటల చరిత్ర చెప్పే ప్రతి కార్యక్రమంలోనూ చేరిపోయింది. ఫలానా పాట ఫలానా రోజున ఎలా పుట్టిందో చెప్పేవాళ్లంతా, వానలో ఒంటరిగా వ్యాను నడుపుకుంటూ వస్తున్న కుర్రగాయకుడి బొమ్మ గీసేవాళ్లు. చిన్నోడికి డ్రైవింగు రాదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

అక్క ఇంటికి వెళ్లడానికి మొహం చెల్లక ఎన్నాళ్లో వాయిదా వేశాడు. చివరికి ఓ ఆదివారం వెళ్లాడు. అక్క తలుపు తీసింది, ఒకటే సంబరం.

"ఏరా, పెద్దవాడివైపోయావు. మా ఇల్లు గుర్తుందన్నమాట," అంటూ కుర్చీలోంచి ఉతికిన బట్టల కుప్ప, కూతురి స్కూలు సంచి తీసి కూర్చోబెట్టింది. కాఫీ పెట్టింది. "టీవీలో చూశాం. నీ వైపరు కథ విని నవ్వుకున్నాం. నాకు కాస్త కోపమొచ్చిందనుకో. మీ బావే అన్నాడు, టీవీలో అంత వివరంగా చెప్పే టైమిస్తారా ఏమిటి, అని."

చిన్నోడు కాఫీ ఒక గుక్క తాగాడు.

"ఆ మేనేజరుది మాత్రం పాపిష్టి బుద్ధి. నువ్వు ఊళ్లో లేని రోజు చూసుకుని మరీ చేశాడు," అంది అక్క. "నువ్వక్కడ ఉంటే పడనిచ్చేవాడివా? మీ బావ వచ్చి చెప్పాడులే. చిన్నోడికేం తెలీదు, వాణ్నేమీ అనకు అని. నేను అంటానట్రా నిన్ను?"

 బావ ఆ రోజు ఆ ఎర్ర కోటు చూశాడు. చూసి కూడా ఇంటికొచ్చి ఈ మాట చెప్పాడు. చిన్నోడికి లేచి పారిపోవాలనిపించింది. కానీ అక్క కళ్లల్లో అంత ప్రేమ పెట్టుకుని ఎదురుగా కూర్చుంటే ఎక్కడికని పారిపోతాడు?

బావ సాయంత్రానికి వచ్చాడు. ఇప్పుడు లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పని. చేతులకి గ్రీజు, భుజాన పనిముట్ల సంచి. "వచ్చావా," అన్నాడు, పొద్దున్నే వెళ్లి సాయంత్రం తిరిగొచ్చిన మనిషిని పలకరించినట్టు. "ఒరేయ్, పెద్ద హోటల్ లిఫ్టులో మన పాటే వేస్తున్నార్రా. వేణువు మీద వాయించి వేశారు. దరువు మాత్రం తీసేశారు. లిఫ్టు కుంటుతోందని జనం భయపడతారు కాబోలు."

అక్క పడీపడీ నవ్వి లోపలికెళ్లింది. చిన్నోడు బావ వెనకాలే చేతులు కడుక్కునే చోటికి వెళ్లాడు.

"బావా, వచ్చే నెల స్టేడియంలో కచేరీ ఉంది. టీవీలో లైవ్. ఆ పాటకి నువ్వొచ్చి వాయించు. అందరికీ నేను చెప్తాను, దరువు నీదని."

బావ సబ్బు రుద్దుకుంటూ, "ఎవరికోసం?" అన్నాడు.

"నీకోసమే."

"నాకోసమైతే అక్కర్లేదు. రోజూ పని ఉంది, ఇల్లుంది, బానే ఉన్నాను. నీ సిగ్గు కడుక్కోవడం కోసమైతే, దానికి నేనెందుకురా స్టేజీ ఎక్కడం?" గొంతు పెంచలేదు. లోపల అక్క గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినపడుతోంది.

చిన్నోడు గొంతు తగ్గించాడు. "ఆ రోజు... నా కోటు..."

"ఆ కోటు గుడ్డివాడికి కూడా కనపడుతుంది," అన్నాడు బావ. తువ్వాలు అందుకుని వేలు వేలూ తుడుచుకున్నాడు. "దరువు నాదని చెప్పుకుంటే చెప్పుకో. చెప్పకపోయినా నేనేం అనుకోను. ఆ గది సంగతి మాత్రం కదపకు. మీ అక్కకి నేనొకటి చెప్పాను. దాన్నలా ఉండనీ."

"సరే బావా," అన్నాడు చిన్నోడు.

స్టేడియం కచేరీ రోజు ఇసకేస్తే రాలనంత జనం. ఎండ ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఆ పాట వంతు వచ్చింది. కొత్త డ్రమ్మరు కర్రలు ఎత్తేలోపు చిన్నోడు చెయ్యెత్తి ఆపాడు.

రెండు ముక్కలు చెప్పాలనే అనుకున్నాడు. "ఈ దరువు నాది కాదు, మా బావది. టీవీలో నేను చెప్పింది అబద్ధం." అవి చెప్పాడు. అంత జనమూ గప్‌చుప్ అయిపోయారు. పాడుతున్నప్పుడు కూడా అతనెప్పుడూ అలాంటి నిశ్శబ్దాన్ని వినలేదు. గుండె మీదనుంచి ఎవరో బండ కాస్త పక్కకి జరిపినట్టయింది. ఇంకాస్త జరిగితే బాగుండుననిపించింది. దాంతో మూడో ముక్క వచ్చింది. తర్వాత నాలుగోది. చెక్క గోడ, కాఫీ గది, "మా చిన్నోడికి తెలుసా" అన్న ప్రశ్న, కొక్కేనికి ఉన్న కోటు. మధ్యలో బావకిచ్చిన మాట గుర్తొచ్చింది. గుర్తు రాలేదని చెప్పుకోవడానికి లేదు. గుర్తొచ్చినా ఆగలేకపోయాడు. కళ్లు తడిశాయి. ఆ తడి కళ్లు పెద్ద తెర మీద ఇంకా పెద్దవిగా కనపడ్డాయి.

జనం లేచి నిలబడ్డారు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. ముందు వరసలో ఆడపిల్లలు ఏడుస్తున్నారు. ఎవరో అతని పేరు పట్టి అరవడం మొదలెడితే స్టేడియమంతా అందుకుంది. అందుకున్నది అతని పేరే. బావ పేరు అతను చెప్పనే లేదు, 'మా బావ' అన్నాడంతే.

పాట ఎలా పాడాడో అతనికి గుర్తులేదు. స్టేజీ దిగగానే మేనేజరు వచ్చి కావలించుకున్నాడు. "నన్ను దొంగని చేశావు, పోనీలే. ఇంతకంటే గొప్పగా ఎవడూ చెయ్యలేడు. రేపటినుంచి చూడు, పాటలున్నంతకాలం ఈ సాయంత్రం గురించి చెప్పుకుంటారు."

చిన్నోడు ఆ కౌగిలి విడిపించుకున్నాడు. తప్పు ఒప్పుకుంటే తిడతారనుకున్నాడు, కనీసం మొహం తిప్పుకుంటారనుకున్నాడు. నెత్తిన పెట్టుకున్నారు. బావ దరువుతో ఒకసారి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఇప్పుడు బావకి చేసిన ద్రోహంతో మరోసారి కొట్టించుకున్నాడు.

అప్పుడుగానీ అక్క గుర్తుకు రాలేదు. అక్క టీవీ చూస్తూ ఉంటుంది.

పొద్దున్నే వెళ్లాడు. దారిలో పేపర్ల దుకాణం దగ్గర అన్నిటి మీదా తన తడికళ్ల బొమ్మే. అక్క తలుపు తీసింది. గుమ్మానికి అడ్డంగా నిలబడింది. తప్పుకోలేదు.

"ఎన్నిసార్లు వచ్చావురా ఈ ఇంటికి, ఆ రోజు తర్వాత?" అంది.

"ఒక్కసారే."

"ఆ ఒక్కసారీ ఎదురుగా కూర్చోబెట్టి, నువ్వక్కడ ఉంటే ఊరుకునేవాడివి కాదు అన్నాను. వింటూ కూర్చున్నావు. నా కాఫీ తాగుతూ కూర్చున్నావు." తలుపు రెక్క పట్టుకుంది. "నాకు చెప్పడానికి నోరు రాలేదు. ముక్కూ మొహం తెలీని అంతమందికి చెప్పడానికి వచ్చింది. వాళ్లు చప్పట్లు కొడతారు కాబట్టా? నేను చెంప పగలగొడతాను కాబట్టా?"

 రెండూ నిజమే.

"పక్కింటావిడ రాత్రే వచ్చి, మీ తమ్ముడు ఎంత మంచివాడండీ అంది. నేనేమనాలి చెప్పు? మా ఆయన ఇన్నాళ్లూ నాతో అబద్ధం చెప్పాడని టీవీలో చూసి తెలుసుకున్నాను అనాలా?"

వెనకనుంచి బావ వచ్చాడు. పనికి వెళ్లే బట్టల్లో ఉన్నాడు. "లోపలికి రానీ, వీధిలో ఎందుకు," అన్నాడు భార్యతో.

"మీరు మాట్లాడకండి," అంది అక్క. "మీరిద్దరూ ఒకటే." విసురుగా లోపలికెళ్లి తలుపు వేసుకుంది.

బావ సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాడు. చిన్నోడు వెంట నడిచాడు. ఇద్దరూ వీధి మలుపు తిరిగారు.

"క్షమించు బావా. కదపనని చెప్పి కూడా..."

"నువ్వేమనుకున్నావు, నిన్ను కాపాడాననుకున్నావా?" అన్నాడు బావ, నడక ఆపకుండా. "నాకు నీమీద కోపం లేకపోవడానికి నేనేం దేవుణ్నా? ఆ కోటు చూసినప్పుడు తలుపు తన్నుకుని లోపలికొచ్చి నాలుగు తగిలించాలనిపించింది. మీ అక్కకి పుట్టింటివైపు ఉన్నది నువ్వొక్కడివి. దానికి తమ్ముణ్ని మిగిల్చుదామని చెప్పానురా ఆ అబద్ధం. అది నీది కాదు విప్పడానికి."

బస్సు వచ్చింది. బావ ఎక్కేశాడు. కిటికీలోంచి చెయ్యి ఊపలేదు. ఇటు చూడలేదు కూడా. చిన్నోడు బస్టాపులోనే నిలబడ్డాడు. పక్కనున్న ఇద్దరు కుర్రాళ్లు గుర్తుపట్టి, "అన్నా, నిన్న ఏడిపించేశావు," అని చెయ్యి కలపబోతే, ఆ చెయ్యి అందుకోలేక తల దించుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత జరగాల్సినవి జరిగాయి. కంపెనీ రికార్డు మీద బావ పేరు వేసింది. పత్రికలవాళ్లు బావ ఇంటి చుట్టూ తిరిగారు. "లిఫ్టులో జనం ఇరుక్కుపోయారండీ, వెళ్లాలి," అని ఒక్కొక్కళ్లనీ తప్పించుకున్నాడు. కొన్నాళ్లకి వాళ్లే మానుకున్నారు. చిన్నోడు ఆ కథ మళ్లీ ఎక్కడా చెప్పలేదు. అడిగితే, "చెప్పిందే ఎక్కువ," అనేవాడు. దానికీ మెచ్చుకున్నవాళ్లున్నారు. ఎంత వినయమో అని రాశారు. ఆ మాట చదివినప్పుడల్లా చీదరేసేది, రాసినవాళ్ల మీద కాదు.

అక్క ఫోనెత్తేది కాదు. శీతాకాలం గడిచి, ఎండలు మొదలయ్యాక ఓ రోజు తనే చేసింది. "నీ మేనకోడలు స్కూల్లో పాడుతుందట. మావయ్య రావాలని ప్రాణం తోడేస్తోంది. వస్తే రా," అని పెట్టేసింది.

వెళ్లాడు. మామూలు చొక్కా వేసుకుని, ఆలస్యంగా, వెనకవైపునుంచి లోపలికి దూరాడు. అయినా నలుగురైదుగురు తలలు తిప్పారు. హాలు నిండిపోయింది. అక్క, బావ గోడవైపు వరస చివర కూర్చున్నారు. అక్క పక్క కుర్చీలో ఆమె చేతిసంచి ఉంది. చిన్నోడు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. అక్క చూసింది. "వచ్చావా," అంది. సంచి తియ్యలేదు.

బావ లేచి, "ఇటు కూర్చో, నేను నిలబడతాలే," అన్నాడు.

"వద్దు బావా. నువ్వు కూర్చో," అన్నాడు చిన్నోడు.

బావ ఒకసారి అతని మొహంలోకి చూసి, మళ్లీ కూర్చున్నాడు. చిన్నోడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మేనకోడలు వేదిక మీదకి వచ్చి, జనంలో మావయ్యని వెతుక్కుని, దొరకగానే పళ్లన్నీ బయటపెట్టి, ఆ కంగారులో పాట ముందే అందుకుంది. వాయిద్యాలవాళ్లు దాన్ని పట్టుకోలేక వెనకబడ్డారు. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటోంది. కార్యక్రమం చాలాసేపు సాగింది. ఇంకా ఎంతోమంది పిల్లలు పాడారు. చిన్నోడి కాళ్లు పీకుతున్నాయి. అందరితో పాటూ చప్పట్లు కొడుతూ అలాగే నిలబడ్డాడు.